ఇత్తడి బిందెలో పాచి

దేముడమ్మ దృష్టిలో ఈ లోకంలో శుభ్రమైన మనిషి ఒక్కతే ఉంది. ఆ ఒక్కతీ తనే. పక్కింటివాళ్ళు గిన్నెలు తోమే తీరు చూస్తే ఆవిడ మొహం తిప్పుకునేది. ఎదురింటి వాకిట్లో ముగ్గు చూసి, కోడి గీకినట్టుందని అందరికీ వినబడేలా అనేది. సొంత కోడలు కాశమ్మ కడిగిపెట్టిన గ్లాసుని కూడా మరోసారి కడిగితే గాని నోటి దగ్గరికి తీసుకునేది కాదు. ఇక ఆవిడ ఇత్తడి బిందె సంగతి చెప్పనే అక్కర్లేదు. చింతపండు పెట్టి తోమి వాకిట్లో బోర్లించిందంటే, దారిన పోయేవాళ్ళు అందులో మొహం చూసుకుని తల దువ్వుకునేవారు. పెళ్ళినాడు పుట్టింటివాళ్ళు పెట్టిన బిందె అది. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊరు ఖాళీ చేసినప్పుడు పొలం పోయింది, జీడితోట పోయింది, పశువుల శాల పోయింది. బిందె మెరుపు మాత్రం ఆవిడ పోనివ్వలేదు.

ఊరు పోయాక వచ్చిపడిన కాలనీలో అన్నీ ఉన్నాయి, నీళ్ళు తప్ప. బావిలో నీళ్ళు అడుగంటి ఉప్పుజాడ కొట్టేవి. తాగడానికి ట్యాంకరు వచ్చేది. అది రాకపోతే ఒక ఏడుపు, వస్తే ఇంకో ఏడుపు. అడుగున తుప్పూ, పైన ఏవో ఈదుతున్న పురుగులూ, మధ్యలో మిగిలిందే నీళ్ళు. ఆ నీళ్ళని దేముడమ్మ గుడ్డలో వడగట్టి, కాచి, మళ్ళీ వడగట్టి మనవరాలికి పట్టేది. మనవరాలి పేరు చిలకమ్మ. ఇంకా మాటలు పూర్తిగా రాని పిల్ల. ఎండలు ముదిరితే చాలు, ఆ పిల్లకి విరేచనాలు పట్టుకునేవి. లోకంలో ఎవరినీ లెక్కచేయని దేముడమ్మ, ఆ పిల్ల కళ్ళు లోతుకి పోతే మాత్రం అన్నం ముట్టేది కాదు. పిల్లకి మంచినీళ్ళు కావాలి. ఆవిడకి ఉన్న కోరిక ఆ ఒక్కటే.

ఎనభై మూడో సంవత్సరం ఎండాకాలంలో త్రినాథరావు అనే ఇంజనీరు కాలనీలో దిగాడు. కళ్ళజోడూ, చంకలో కాగితాల చుట్టా, నల్లబల్లకి పాఠం చెబుతున్నట్టు మాట్లాడే అలవాటూ. మనిషి మంచివాడే గాని, ఎదటివాళ్ళకి అర్థమైందా లేదా అని ఒక్కసారైనా వాళ్ళ మొహంలోకి చూసేవాడు కాదు. అతను చెప్పిన పద్ధతి ఇదీ. కాలనీలో స్నానాలు చేసిన నీళ్ళూ గిన్నెలు కడిగిన నీళ్ళూ ఊరికే ఇసకలోకి పోకుండా ఒక కాలవలోకి మళ్ళిస్తారు. ఆ నీళ్ళు మెట్టతామర నాటిన గులకరాళ్ళ మడిలోంచి పారి, తేరుకుని, బావి పక్కన భూమిలోకి ఇంకుతాయి. బావి నిండుతుంది, ఉప్పు తగ్గుతుంది. బావి నీళ్ళని మోటారుతో తోడి, ఇసక నింపిన ట్యాంకులో పోస్తారు. ఇసకలోంచి నెమ్మదిగా దిగిన నీళ్ళు కింద కుళాయిలోకి వస్తాయి. అవి తాగచ్చు. ఎక్కడో దూరాన్నుంచి పైపులు రానక్కర్లేదు, ట్యాంకరు కోసం పడిగాపులు పడనక్కర్లేదు.

అసలు అతను అనుకున్నది ఒకే పెద్ద ట్యాంకు. కాలనీకీ, ఇసకదిబ్బల అవతల సముద్రం ఒడ్డున ఉన్న జాలర్ల పేటకీ మధ్యలో కట్టి, రెండు చోట్లకీ నీళ్ళివ్వాలని. స్కూలు వరండాలో మీటింగు పెట్టాడు. కాలనీ ప్రెసిడెంటు గురునాథరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. అతను చేసే పనల్లా అదే. పేట తరపున పాపాయమ్మ వచ్చింది. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి, వేలంలో చేపలు పట్టుకొచ్చి కాలనీ వీధుల్లో అమ్మే మనిషి. మీటింగు సంగతి తెలిసి బుట్టతోనే వచ్చి వరండా చివర నిలబడింది.

ఇంజనీరు చెప్పడం పూర్తికాకుండానే దేముడమ్మ లేచింది.

"సేపల బుట్టలు కడిగిన నీళ్ళూ మా నీళ్ళూ కలిపి ఒకే టేంకులో పోత్తారా? ఆ కంపు నీళ్ళు నా మనవరాలికి పట్టాలా? సావనైనా సత్తాను గాని ఒప్పుకోను."

గురునాథరావు తల ఊపాడు. తల ఊపడానికి ఖర్చేముంది. కాలనీ ఆడవాళ్ళంతా గొణిగారు. పాపాయమ్మ బుట్ట ఎత్తుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఇంజనీరు కాగితాలు చుట్టేసి, చివరికి ఒక పెద్ద ట్యాంకు బదులు రెండు చిన్న ట్యాంకులు కట్టించాడు. కాలనీలో ఒకటి, పేటలో ఒకటి. చూడటానికి అవి ఒకే ఈడు కవలపిల్లల్లా ఉండేవి.

పాపాయమ్మ మీద దేముడమ్మకి ప్రత్యేకంగా కోపం ఏమీ లేదు. కోపం ఉంటే అది ఒక మర్యాదే. ఆవిడకి ఉన్నది అసహ్యం. పాపాయమ్మ వచ్చి అరుగు చివర బుట్ట దించితే, తను గుమ్మంలో నిలబడి చేపల బేరం చేసేది. ఎండకి గొంతెండిపోయి పాపాయమ్మ మంచినీళ్ళు అడిగితే, దోసిలి పట్టమని చెంబుతో పైనుంచి పోసేది. చెంబు ఆ చేతులకి ఎక్కడ తగులుతుందోనని మునివేళ్ళ మీద నిలబడి మరీ పోసేది. సగం నీళ్ళు పాపాయమ్మ మోచేతుల మీదుగా కారి చీరలోకి పోయేవి. పాపాయమ్మ బుట్ట ఎత్తుకుని వీధి మలుపు తిరక్కముందే, దేముడమ్మ బుట్ట పెట్టినచోట బకెట్టు నీళ్ళు పోసి చీపురుతో గీకి కడిగేది. ఆ చప్పుడు పాపాయమ్మకి ప్రతిసారీ వినబడేది.

ట్యాంకులు పనిచేయడం మొదలుపెట్టాయి. మొదట్లో తాగడానికి అందరూ వెనకాడారు. తర్వాత వీధికొకరు తాగారు, ఆ తర్వాత అందరూ తాగారు. చిలకమ్మకి మరుసటి ఎండాకాలం విరేచనాలు పట్టుకోలేదు. పిల్ల బుగ్గలు దేరాయి. దేముడమ్మ లోపల ఎంతో పొంగిపోయింది గాని, పైకి ఇంజనీరుని ఒక్క మంచిమాట అనలేదు. ఎందుకంటే ట్యాంకులో ఇసక మీద పాచి పట్టింది. పచ్చగా, జిగటగా, వేలుపెడితే జారిపోయేలా. మూత రేకు ఎత్తి చూసినప్పుడల్లా ఆవిడకి ఒళ్ళు జలదరించేది. అడిగితే త్రినాథరావు తనకి తెలిసిన ఇంగ్లీషంతా వాడి, ఆ పాచిని ఎవరూ ముట్టుకోవద్దనీ, నీళ్ళు దిగడం మందగిస్తే తనకి కబురు పెట్టమనీ, అప్పుడు పైన వేలిమందం గీకితే చాలనీ చెప్పాడు. ఆ పాచే నీళ్ళని శుభ్రం చేస్తుందన్నాడు.

"పాసి నీళ్ళని సుబ్రం సేత్తాదంట," అని దేముడమ్మ వీధంతా చెప్పి నవ్వించింది. "రేపొచ్చి పేడతో పళ్ళు తోముకోమంటాడు."

పేటలో ట్యాంకుకి కూడా పాచి పట్టింది. అక్కడ ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. వాళ్ళకేదో జ్ఞానం ఉందని కాదు. చీకటితో పడవలు దింపాలి, వలలు బాగుచేసుకోవాలి, హార్బరుకి పరిగెత్తాలి. ట్యాంకు మూత ఎత్తి చూసే తీరిక అక్కడ ఎవడికుంది?

ఆ తర్వాత హైదరాబాదు నుంచి ఒక పెద్ద ఆఫీసరు ఈ ట్యాంకుని చూడటానికి వస్తున్నాడని కబురు వచ్చింది. ఆయన్ని వెంటబెట్టుకు రావడానికి త్రినాథరావు ముందే అక్కడికి వెళ్ళాడు. ఇక్కడ గురునాథరావుకి పూనకం వచ్చింది. ట్యాంకు గోడలకి సున్నం వేయించాడు, వీధులకి కాగితం తోరణాలు కట్టించాడు, కాలవ పక్కన పడి ఉన్న కుక్కని కూడా తరిమించాడు. ఆఖరికి మూత ఎత్తి లోపలికి చూసి బెంబేలెత్తిపోయాడు. పెద్దాయన ఈ పాచి చూస్తే కాలనీ పరువేం కానని దేముడమ్మని అడిగాడు. దేముడమ్మకి కావలసింది సరిగ్గా ఆ ప్రశ్నే. కొంగు బిగించి, వీధిలోని ఆడవాళ్ళని వెంటబెట్టుకుని ట్యాంకు మీద పడింది.

అబ్బో, ఆ కడగడం చూడాలి. ట్యాంకులో నీళ్ళు వదిలేశారు. పాచి పట్టిన ఇసకంతా గంపలకెత్తి తొట్లలో వేసి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కాళ్ళతో తొక్కి కడిగారు. గోడలని ఇటుకపొడీ కొబ్బరిపీచూ పెట్టి రుద్దారు. గురునాథరావు ఎక్కణ్ణుంచో బ్లీచింగు పౌడరు తెప్పించి గుమ్మరించాడు. కడిగిన ఇసకని మళ్ళీ ట్యాంకులో పరిచి నీళ్ళు నింపారు. తెల్లటి ఇసక అడుగున మెరుస్తోంటే, దేముడమ్మ నడుం మీద చేతులు వేసుకుని, ట్యాంకుని తన బిందెని చూసినట్టు చూసుకుంది. జీవితంలో అంత తృప్తి ఆవిడ ఇంకెప్పుడూ పొందలేదు.

ఆఫీసరు వచ్చాడు. మూత ఎత్తి చూసి, నీళ్ళలో తన మొహం చూసుకుని ముచ్చటపడ్డాడు. దండ వేయించుకున్నాడు. కుళాయి నీళ్ళు తాగమని గ్లాసు చేతికిస్తే పక్కన పెట్టి, కొబ్బరిబోండం అడిగి తాగాడు. కారెక్కి వెళ్ళిపోయాడు. త్రినాథరావుని మాటల్లో పెట్టి తనతోపాటే లాక్కుపోయాడు. పాపం, ఆ ఇంజనీరుకి ట్యాంకులోకి తొంగిచూసే వీలే లేకపోయింది.

ఆ వారంలోనే పెద్ద వాన పడింది. వీధుల్లోని మురుగంతా గులకరాళ్ళ మడి పొర్లి బావిలోకి దిగింది. ఆ నీళ్ళు ట్యాంకులోకి వచ్చాయి. చూడ్డానికి తేటగానే ఉన్నాయి. జనం తాగారు. మొదట పై వీధిలో, తర్వాత కింది వీధిలో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. చిలకమ్మని వాళ్ళ నాన్న వరహాలు భుజాన వేసుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తాడు. వరహాలు దేముడమ్మ కొడుకు, పోర్టులో కలాసీ. ఆసుపత్రిలో పిల్ల చేతికి సూది గుచ్చి సెలైను ఎక్కిస్తోంటే దేముడమ్మ మంచం పక్కన నేలమీద కూలబడింది. పిల్ల బతికింది. ఏడవడానికి కూడా ఓపిక లేని కళ్ళతో నాయనమ్మని చూసింది. ఆ చూపు దేముడమ్మకి ఎక్కడో గుచ్చుకుంది.

ఆసుపత్రి నుంచి కాశమ్మ ఇంటికి రాలేదు. పిల్లని ఎత్తుకుని భీమిలిలో తన పుట్టింటికి వెళ్ళడానికి బస్సెక్కింది. ఎక్కేముందు అత్తగారితో ఒక్క మాట అంది.

"నాను నీ మీద కోపంతో ఎల్లట్లేదత్తా. ఆ టేంకు మళ్ళీ బాగుపడ్డాదని ఇంజినీరు సెప్పిన రోజున పిల్లని తెత్తాను. అంతదాకా అడగొద్దు."

మర్నాడు త్రినాథరావు వచ్చి మూత ఎత్తి చూశాడు. తిట్టలేదు. ట్యాంకు మెట్టు మీద కూర్చుండిపోయి, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఎదటివాళ్ళ మొహంలోకి చూసి తెలుగులో మాట్లాడాడు.

"అమ్మా, ఆ పాచిలో కంటికి కనబడని ప్రాణులు ఉంటాయి. నీళ్ళలో జబ్బు చేసే పురుగుల్ని అవి తింటాయి. వాటిని మీరు కడిగేసి, మిగిలినవాటిని బ్లీచింగుతో చంపేశారు. ఇప్పుడిది ఇసక పోసిన తొట్టి, అంతే."

గురునాథరావు వెంటనే ఆ పని తనకి తెలియకుండా జరిగిందన్నాడు. ఆడవాళ్ళ తొందరపాటన్నాడు. బ్లీచింగు డబ్బా ఇంకా అతని వరండాలోనే ఉంది. దేముడమ్మ అతనివైపు చూడను కూడా చూడలేదు. ఆ మనిషి మీద చూపు ఖర్చుపెట్టడం కూడా దండగ అనిపించింది. పాచి మళ్ళీ ఎప్పుడు పడుతుందని ఇంజనీరుని అడిగింది. దానంతట అది పట్టాలంటే చాలా రోజులు పడుతుందనీ, అందాకా కాచుకుని తాగాల్సిందేననీ, ఇంకో ట్యాంకులోంచి ముదిరిన పాచి ఇసక తెచ్చి ఇందులో చల్లితే పాలలో తోడు వేసినట్టు తొందరగా పట్టుకుంటుందనీ అతను చెప్పాడు. అలాంటి ట్యాంకు దగ్గరలో ఒక్కటే ఉంది. పేటలో.

త్రినాథరావు తనే వెళ్ళి అడిగాడు. తిరిగి వచ్చినప్పుడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. పేటవాళ్ళు కాదనలేదట. పాపాయమ్మ మాత్రం ఒక మాట చెప్పి పంపిందట. ఆ మాటని ఉన్నదున్నట్టు అప్పజెప్పాడు.

"అడగాల్సింది మీరు కాదు బాబూ. ఆ సుబ్రమైన ఆవిడ్ని రమ్మనండి."

దేముడమ్మ ఆ రోజు వెళ్ళలేదు. మర్నాడూ వెళ్ళలేదు. చిలకమ్మ ఉయ్యాల ఖాళీగా వేలాడుతోంటే ఇంట్లో కూర్చోలేకపోయింది. మూడో రోజు వంట మానేసి, ఇల్లు తుడిచే పాత బకెట్టు చేత్తో పట్టుకుని ఇసకదిబ్బల మీదుగా నడిచింది. పాచి కోసం ఇంతకన్నా మంచి గిన్నె తీసుకెళ్ళడం ఆవిడకి తోచనైనా తోచలేదు. అంత జరిగినా ఆ పొగరు అణగలేదు, చూశారా.

పాపాయమ్మ గుడిసె ముందు చేపలు ఎండబెడుతోంది. దేముడమ్మ నిలబడి, నేలచూపులు చూస్తూ, పాచి ఇసక కావాలని అడిగింది. పాపాయమ్మ చేతులు దులుపుకుని లేచి, బకెట్టు వైపు చూసింది.

"తాగే నీళ్ళలోకెల్లేది తాగే బిందెలోనే ఎయ్యాలమ్మా. ఇల్లు తుడిసే బకెట్లో నాను ఎయ్యను. ఇంటికెల్లి మంచి బిందె తెండి."

పాచికి మడి ఏమిటనే మాట దేముడమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. మనవరాలు గుర్తుకొచ్చి మింగేసింది. మళ్ళీ ఎండలో వెనక్కి నడిచింది. ఇంట్లో తాగే బిందె అంటే ఒక్కటే ఉంది, ఆ ఇత్తడి బిందె. దాన్ని చంకన పెట్టుకుని మళ్ళీ దిబ్బలెక్కింది. పేట చేరేసరికి కాళ్ళు కాలిపోయాయి, కళ్ళు బైర్లు కమ్మాయి, నాలుక అంగిలికి అతుక్కుపోయింది. సిగ్గు విడిచి మంచినీళ్ళు అడిగింది.

పాపాయమ్మ లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. దేముడమ్మ చెంబు కోసం చెయ్యి చాచింది. పాపాయమ్మ ఇవ్వలేదు.

"దోసిలి పట్టండమ్మా. నీళ్ళియ్యడం మీరే నాకు నేర్పినారు."

దేముడమ్మ వంగింది. దోసిలి పట్టింది. పైనుంచి ధార పడింది. ఆవిడ జీవితంలో ఎప్పుడూ అలా తాగలేదు, ఎలా తాగాలో చేతకాలేదు. సగం నీళ్ళు మోచేతుల మీదుగా కారి చీరలోకి పోయాయి. చుట్టూ పేట ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నారు. ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కొంత తేలికగా ఉండేది. తల కొట్టేసినట్టయింది దేముడమ్మకి.

తర్వాత పాపాయమ్మ ట్యాంకు మూత ఎత్తి, తన చేత్తో పచ్చటి ఇసకని తవ్వి, బిందె నిండా వేసి, తడి ఆరకుండా పైన నీళ్ళు పోసింది. బిందెని ఎత్తడానికి సాయం పట్టింది. పాచి జిగట అంచుల మీంచి జారి, మెరిసే ఇత్తడి మీద చారలు కట్టింది. దేముడమ్మ ఆ బిందెని నెత్తిన పెట్టుకుని కాలనీ వీధుల్లోంచి నడిచింది. నుదుటి మీదుగా పచ్చటి నీళ్ళు కారుతున్నాయి. అరుగుల మీదివాళ్ళు మాటలాపి చూశారు. అదేటని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పాచి అంటుకుంది. ఇంజనీరు నీళ్ళు పట్టుకెళ్ళి పరీక్ష చేయించి, ఇక తాగవచ్చన్నాడు. ఆ మధ్య రోజుల్లో దేముడమ్మ కర్ర పట్టుకుని ట్యాంకు పక్కనే కూర్చునేది. ఎవరైనా మూత ముట్టుకోబోతే నానా మాటలూ అనేది. ఇదివరకు పాచిని అసహ్యించుకున్న నోరు, ఇప్పుడు పాచి విలువ తెలియని దద్దమ్మలని అసహ్యించుకునేది. అసహ్యం మానడం ఆవిడకి చేతకాదు, దాని చోటు మార్చుకుంది, అంతే. కాశమ్మ భీమిలి బస్సు దిగి, చిలకమ్మని నాయనమ్మ చేతుల్లో పెట్టింది. పిల్ల బుగ్గలు మళ్ళీ దేరాయి.

చాన్నాళ్ళ తర్వాత పాపాయమ్మ ఆ వీధిలోకి వచ్చింది. అరుగు చివర బుట్ట దించి కూర్చుంది. దేముడమ్మ ఈసారి గుమ్మంలో నిలబడలేదు, అరుగు మీద కూర్చుని చేపలు ఏరుకుంది, బేరం ఆడలేదు. లోపలికి వెళ్ళి, రెండుసార్లు కడిగిన స్టీలు గ్లాసు నిండా ట్యాంకు నీళ్ళు పట్టుకుని వచ్చి పాపాయమ్మ ముందుకి చాపింది.

పాపాయమ్మ గ్లాసు వైపు చూసింది. తీసుకోలేదు. బుట్టలోంచి గుడ్డ చుట్టిన సీసా తీసి మూత విప్పింది.

"నీళ్ళు నానే తెచ్చుకుంటన్నానమ్మా. మా టేంకువే."

తాగింది. బుట్ట ఎత్తి పక్కన పెట్టి, సీసాలో మిగిలిన నీళ్ళని బుట్ట ఆనినచోట పోసి, అరచేత్తో శుభ్రంగా రుద్ది కడిగింది. ఎక్కడా మరక లేకుండా చూసుకుని, బుట్ట నెత్తిన పెట్టుకుని, వెనక్కి చూడకుండా వీధి మలుపు తిరిగింది.

గ్లాసు ఇంకా దేముడమ్మ చేతిలోనే ఉంది. చిలకమ్మ వచ్చి కొంగు లాగితే వంగి గ్లాసు పిల్ల నోటికి అందించింది. పిల్ల గటగటా తాగేసింది. కడిగిన అరుగు ఎండకి ఆరిపోతోంది.